ఆ మైనస్ ఎక్కడిది?

ప్రశ్న: మాస్టారూ, ఇన్వర్స్ త్రికోణమితి ప్రమేయాల అవకలజాలు ఆరూ బట్టీ పట్టాను. పరీక్షలో టెన్షన్‌తో ఒకదానికొకటి కలిసిపోతున్నాయి. ఇంకో సందేహం. సైన్ ఇన్వర్స్ (2ఎక్స్/(1 + ఎక్స్²))లో ఎక్స్ = టాన్ థీటా అని పెడితే నాకు అవకలజం 2/(1 + ఎక్స్²) వస్తోంది. ఎక్స్ 1 దాటితే మైనస్ రావాలని పుస్తకంలో ఉంది. ఎందుకు?
– ఒక విద్యార్థిని

జవాబు: చాలా మంచి సందేహం అమ్మా. ముందు బట్టీ సంగతి చూద్దాం.

వై = సైన్ ఇన్వర్స్ ఎక్స్ అంటే సైన్ వై = ఎక్స్. రెండు వైపులా అవకలనం చేస్తే కాస్ వై × డీవై/డీఎక్స్ = 1. కర్ణం 1, ఎదుటి భుజం ఎక్స్‌గా లంబకోణ త్రిభుజం గీయి. మూడో భుజం √(1 − ఎక్స్²), కాస్ వై కూడా అదే. కాబట్టి జవాబు 1/√(1 − ఎక్స్²). టాన్ ఇన్వర్స్‌కీ ఇదే దారి, 1/(1 + ఎక్స్²) వస్తుంది. కాస్ ఇన్వర్స్‌ను విడిగా గుర్తుపెట్టుకోనక్కర్లేదు. సైన్ ఇన్వర్స్‌తో కూడితే ఎప్పుడూ పై/2 కనుక, అదే భిన్నానికి మైనస్ పెడితే చాలు.

అయితే వర్గమూలానికి ప్లస్సే ఎందుకు తీసుకున్నాం? క్లాసులో ఎవరో ఒకరు ఈ మాట అడిగేదాకా నేను ముందుకు కదలను. వై ఎప్పుడూ −పై/2, పై/2 మధ్యే ఉంటుంది, అక్కడ కాస్ మైనస్ కాదు. నీ రెండో సందేహమూ ఇక్కడే తేలుతుంది.

నువ్వు సైన్ ఇన్వర్స్ (సైన్ 2థీటా) = 2థీటా అని రాసేశావు. 2థీటా ఆ హద్దుల్లో ఉంటేనే అది నిజం, అంటే ఎక్స్ −1 నుంచి 1 లోపు ఉండాలి. ఎక్స్ 1 దాటగానే థీటా పై/4 దాటుతుంది, 2థీటా పై/2 దాటుతుంది. అప్పుడు సైన్ ఇన్వర్స్ ఇచ్చేది పై − 2థీటా. దాని అవకలజం −2/(1 + ఎక్స్²). ఎక్స్ −1 కన్నా తక్కువైనా మైనస్సే. సరిగ్గా 1, −1 దగ్గర గ్రాఫ్ కోసుగా విరుగుతుంది, అక్కడ అవకలజమే లేదు.

నమ్మకం కుదరకపోతే విలువలు వేసి చూడు. ఎక్స్ 1 అయితే బ్రాకెట్ లోపల 1, ఎక్స్ 2 అయితే 4/5, 3 అయితే 3/5. తగ్గుతూ పోయే ప్రమేయానికి ప్లస్ అవకలజం ఎలా వస్తుంది?

ఇప్పుడు టాన్ ఇన్వర్స్ (2ఎక్స్/(1 − ఎక్స్²)) చెయ్యి. ఇక్కడ ఎక్స్ 1 దాటినా 2/(1 + ఎక్స్²)కు మైనస్ రాదు. ఎందుకో హద్దులు రాసుకుని చూడు, తేలకపోతే మళ్లీ ఉత్తరం రాయి.