జపాన్ మిలిటరీ పాత తూటాలు ఎలా గుర్తుపట్టాలి, రేటు ఎంత ఉంటుంది?

మీ ఓనర్ గారి తండ్రి పసిఫిక్ యుద్ధం నుంచి తెచ్చుకున్న డబ్బా మీ చేతికొచ్చింది, తూటాల అడుగున ఒక్క అక్షరం కూడా లేదు కాబట్టి డూప్లికేటేమో అన్నారు కదా. కంగారేం లేదండి, జపాన్ ఆర్మీ రైఫిల్ తూటాల మీద మామూలుగా ఏమీ కొట్టేవాళ్లు కాదు, ఎక్కడ తయారైంది ఏ సంవత్సరం అన్నదంతా పైన చుట్టిన కాగితం ప్యాకెట్ మీదే రాసేవాళ్లు. నేను అమెరికాలో, ఒహాయోలో చాలా ఏళ్లుగా ఇవి పోగేస్తున్నా, గన్ షోల్లో ఎక్కువమంది అడిగేది కూడా ఇదే.

అన్నిటికంటే ముందు ఒక మాట. డబ్బాలో బొటనవేలికంటే లావుగా ఉన్నవి, ముందు కొనలో పేల్చే ఫ్యూజ్ ఉన్నవి, లేదా కేసు (అంటే మందు నింపే ఇత్తడి గొట్టం) మూతి దగ్గర వంకాయ రంగు గీత ఉన్నవి కనిపిస్తే అక్కడే ఆపేసి పోలీసులకి ఫోన్ చేయండి. ఆ రంగు గీత అంటే బుల్లెట్ లోపలే, అంటే ముందుండే మొనలోనే, పేలే మందుంది అని. 80 ఏళ్లు దాటింది కదా చచ్చిపోయి ఉంటుందిలే అనుకోకండి, దయచేసి.

మిగతావాటికి ఒక స్కేలు, మీ గోరు చాలు. కేసు పొడవు 50 మి.మీ. ఉండి బుల్లెట్ సన్నగా ఉంటే అది 6.5 మి.మీ. తూటా, 1905 లో వచ్చిన టైప్ 38 రైఫిల్‌ది. 58 ఉంటే 7.7 మి.మీ. తూటా, ఇందులో రెండు రకాలు, చూడ్డానికి కవల పిల్లల్లా ఉంటాయి కానీ అడుగు అంచు కింద గోరు పెట్టి లాగితే తెలిసిపోతుంది, అంచు కేసుకంటే కొంచెం బయటికొచ్చి గోరుకి తట్టుకుంటే అది 1932 నాటి టైప్ 92 మెషిన్ గన్‌ది, తట్టుకోకుండా జారిపోతే 1939 నాటి టైప్ 99 రైఫిల్‌ది. పొట్టిగా 22 మి.మీ. దాకా ఉండి మెడ దగ్గర సన్నబడితే నంబు పిస్టల్ తూటా. ఇంకోటుంది, మన పోలీసుల త్రీ నాట్ త్రీ తూటా ఉంది చూశారా, జపాన్ నేవీ అదే సైజు వాడింది, కాబట్టి అంచు బాగా పెద్దగా ఉన్నది దొరికితే బ్రిటిష్‌దే అని పక్కన పడేయకండి.

ఆ తర్వాత బుల్లెట్ కేసులోకి దిగే చోట సన్న రంగు గీత కోసం చూడండి, మామూలు వెలుతురులో కనపడకపోతే టార్చ్ పక్కనుంచి కొట్టండి. గులాబీ అయితే మామూలు బుల్లెట్, నలుపు అయితే ఉక్కు పలకల్ని చీల్చేది, ఆకుపచ్చ అయితే వెలుగు గీస్తూ పోయే ట్రేసర్. అందుకే ఇత్తడి మెరవాలని పాలిష్ పెట్టొద్దు, బ్రాసో అసలే వద్దు. నాకు తెలిసిన ఒకాయన ప్రేమగా తళతళ మెరిసేలా తోమేశాడు, గీతలన్నీ పోయాయి, ఇంక ఏది ఏదో చెప్పే దారే లేకుండా పోయింది, చూస్తే ప్రాణం ఉసూరుమంది.

రేటు సంగతి అంటారా, విడిగా ఉన్న మామూలు 6.5, 7.7 కి అమెరికాలో పెద్దగా రాదు, ఒక్కోటి కొన్ని డాలర్లు అంతే. అసలు విలువ కాగితంలో ఉంది. అయిదేసి తూటాల ఇత్తడి క్లిప్పులు మూడు, మొత్తం 15, విప్పని ప్యాకెట్‌లో ఉంటే కలెక్టర్లు వదలరు. లేబుల్ మీద షోవా (జపాన్ చక్రవర్తి పాలన సంవత్సరాల లెక్క) 15 అని ఉంటే 1940 అన్నమాట, షోవా అంకెకి 1925 కలుపుకోండి. 6.5 ప్యాకెట్ మీద ఇంగ్లీషు జీ అక్షరం కనిపిస్తే ఇంకా మంచిది, అది లైట్ మెషిన్ గన్ కోసం మందు తగ్గించి నింపిన రకం. లోపల ఏముందో చూద్దామని మాత్రం చింపకండి.

అమ్మాలంటే ఈబేలో తూటాలు పెట్టనివ్వరు, మామూలు పోస్టులో పంపడం కూడా నిషేధం, గన్ షోలో చేతికి చేయి ఇచ్చుకోవడమే నయం, మీ స్టేట్ రూల్స్ ఓసారి చూసుకోండి. ఇండియాలో నాన్నగారికి చూపిద్దాం అని ఒక్కటి కూడా సూట్‌కేసులో వేసుకోవద్దు, లైసెన్స్ లేకుండా ఒక్క తూటా దొరికినా ఆయుధాల చట్టం కింద కేసే. ఆయనకి జపాన్ యుద్ధం మీద ఆసక్తి ఉంటే వైజాగ్‌లో విశాఖ మ్యూజియంకి తీసుకెళ్లండి, 1942 ఏప్రిల్ 6 న జపాన్ వాళ్లు అక్కడ వేసిన, పేలని బాంబు షెల్ పెట్టారు.

అడుగు భాగం, రంగు గీత, పక్కనే స్కేలు పెట్టి ఫొటోలు ఇక్కడ పెట్టండి, ప్యాకెట్ లేబుల్ ఉంటే అది కూడా. చూసి చెప్తాను.