టెక్ సందేహాలు: పాము గూటికి ఏ హీటర్ మంచిది?

ప్రశ్న: కార్న్ స్నేక్ పిల్ల కోసం మూడడుగుల గాజు తొట్టె సిద్ధం చేశాను. తొట్టె అడుగున అంటించే హీట్ మ్యాట్ కొనాలా, పైన బల్బులా హోల్డర్‌కి బిగించే సిరామిక్ హీటర్ కొనాలా తేలడం లేదు. మ్యాట్ మీద పాము పొట్ట కాలుతుందని ఒకరు, సిరామిక్‌తో గాలి ఎండిపోతుందని ఇంకొకరు అంటున్నారు. ఎన్ని వాట్లది తీసుకోవాలి?

జవాబు: ఇద్దరూ చెప్పింది నిజమే. నీటి గిన్నె పెద్దది పెట్టి, తేమ మీద ఓ కన్నేసి ఉంచితే రెండో సమస్య చాలావరకు సర్దుకుంటుంది. మొదటిది అలా సర్దుకునేది కాదు. అందుకే హీటర్ సంగతి కాసేపు పక్కన పెట్టి, ఆ హీటర్‌ని ఎవరు ఆపుతారన్నది ముందు తేల్చుకోండి. సెన్సర్ తీగతో వేడిని కొలుస్తూ హీటర్‌ని అదుపు చేసే పరికరం థర్మోస్టాట్. అది లేకుండా ఏ హీటర్‌నీ పాము గూటికి తగిలించకండి. డబ్బు తక్కువైతే హీటర్‌లో తగ్గించుకోండి గానీ ఇందులో వద్దు.

పాము తన ఒంట్లో తాను వేడి పుట్టించుకోలేదు. వెచ్చని చోటికి, చల్లని చోటికి మారుతూ ఒంటి వేడిని సరిచూసుకుంటుంది. కాబట్టి తొట్టె అంతా ఒకే వేడిలో ఉంటే దానికి ఎంచుకోవడానికి ఏమీ మిగలదు. కార్న్ స్నేక్‌కి ఒక కొసన నేల 29 నుంచి 32 డిగ్రీల సెల్సియస్, రెండో కొసన 22 నుంచి 24 డిగ్రీలు ఉండాలి. దాక్కునే గూళ్లు రెండు కొసలా పెట్టండి. చల్లని వైపు ఒక్కటే పెడితే పిరికి పిల్ల వెచ్చదనం వదులుకుని అక్కడే ముడుచుకుంటుంది. వేడి చాలకపోతే మింగింది అరగదు, కక్కేస్తుంది.

ఇక మ్యాట్. తొట్టె నేలలో మూడో వంతు మించకుండా, అడుగున బయటివైపు అంటించాలి. తొట్టెను కాస్త ఎత్తు మీద ఉంచి కింద గాలి ఆడనివ్వాలి, లేకపోతే చిక్కుకున్న వేడికి గాజు పగలవచ్చు. అదుపు లేని మ్యాట్ మీది గాజు 40 డిగ్రీలను సులువుగా దాటేస్తుంది. చాలామంది పప్పులో కాలేసేది ఇక్కడే. లోపల చెక్కపొట్టు మందంగా పరుస్తారు. పైన చెయ్యి పెట్టి చూస్తే చల్లగా ఉంటుంది. వేడి చాలడం లేదనుకుని సెట్టింగ్ పెంచుతారు. పాము పొట్టును తవ్వుకుంటూ దిగి నేరుగా ఆ గాజు మీదే పడుకుంటుంది. కాలుతుంటే లేచి పోతుంది కదా అనుకోవద్దు. బాల్ పైథాన్ పెదాల అంచున ఉండే గుంటలు చీకట్లో ఎలుక ఒంటి వేడిని పసిగట్టగలవు. అంత సున్నితమైన జీవికి కూడా హీటర్ల మీద పొట్ట కాలుతోంది. పొట్ట కింద మెల్లగా పెరిగే వేడికి అది పక్కకు జరుగుతుందని నమ్మలేం. మ్యాట్ ఉన్నచోట పొట్టు పలచగా ఉండాలి. వేడెక్కే కృత్రిమ రాళ్లు అమ్ముతుంటారు, వాటి జోలికి వెళ్లకండి.

మ్యాట్ నేలను వేడి చేస్తుంది, గాలిని పెద్దగా వేడి చెయ్యదు. గది బాగా చల్లబడే ఇళ్లలో అది ఒక్కటే చాలదు. అప్పుడు పైనుంచి వేడి కావాలి. సిరామిక్ హీటర్ వెలుగు ఇవ్వదు కాబట్టి రాత్రిపూట కూడా పనికొస్తుంది. దాని ఒళ్లు మాత్రం 200 డిగ్రీలు దాటుతుంది. ప్లాస్టిక్ హోల్డర్ కరుగుతుంది, పింగాణీదే వాడాలి, చుట్టూ తీగల పంజరం తప్పనిసరి. పగటికి హాలోజన్ బల్బు మంచిది. దాని పరారుణ కిరణాలు, ఎండలాగే, చర్మం లోపలికంటా దిగుతాయి. రాత్రికి ఆపెయ్యాలి. ఎర్ర బల్బు రాత్రంతా వెలిగించి ఉంచితే పాముకి పగలూ రాత్రీ తేడా చెడుతుంది.

నా సలహా: మీ గది 22 డిగ్రీల కిందికి దిగకపోతే మ్యాట్, థర్మోస్టాట్ చాలు. అంతకన్నా చల్లబడితే పైన సిరామిక్ పెట్టండి. చెక్కపెట్టె అయితే మ్యాట్ ఆలోచనే వద్దు, చెక్క వేడిని లోపలికి రానివ్వదు. వాట్ల లెక్క గదికీ తొట్టెకీ మధ్య ఎంత తేడా కావాలన్న దాన్నిబట్టి ఉంటుంది. మూడడుగుల తొట్టెకి 75 నుంచి 100 వాట్ల సిరామిక్ మామూలుగా సరిపోతుంది. కాస్త ఎక్కువైతే థర్మోస్టాట్ తగ్గిస్తుంది. తక్కువైతే అది కూడా ఏమీ చెయ్యలేదు.

థర్మోస్టాట్‌లో మూడు రకాలున్నాయి. ఆన్-ఆఫ్ రకం మ్యాట్‌కి చాలు. పల్స్ రకం కరెంటును చిన్నచిన్న విడతలుగా పంపుతుంది, సిరామిక్‌కి అది సరైన జోడీ. డిమ్మింగ్ రకం బల్బు వెలుగును పెంచుతూ తగ్గిస్తూ పోతుంది, కాబట్టి హాలోజన్‌కి అదే కావాలి. హాలోజన్‌కి ఆన్-ఆఫ్ తగిలిస్తే రోజంతా మిణుకుమంటూ బల్బు త్వరగా పోతుంది, పాముకీ చిరాకు.

అన్నిటికన్నా ముఖ్యం సెన్సర్ తీగ కొస ఎక్కడుందన్నది. థర్మోస్టాట్‌కి పాము కనపడదు, ఆ కొస చెప్పిందే వేదం. పాము దాన్ని చల్లని వైపు నెట్టేసినా, నీళ్లు ఒలికి అది తడిసినా, ఇంకా చల్లగానే ఉందనుకుని హీటర్‌ని పూర్తిగా మండిస్తూనే ఉంటుంది. అందుకే మ్యాట్‌కైతే కొసను బయటే, మ్యాట్‌ని ఆనుకుని కదలకుండా బిగించండి. లోపలి గాజు నేల ఎంత వేడెక్కిందో విడిగా కొలిచి, దానికి తగ్గట్టు సెట్టింగ్ మార్చుకోండి. లోపల 31 రావాలంటే బయట 34 పెట్టాల్సి రావచ్చు. పామును తెచ్చే ముందు రెండు మూడు రోజులు ఖాళీ తొట్టెను ఇలా నడిపి చూడండి. అంతదాకా పిల్లను తేవద్దని గట్టిగా చెబుతున్నాను.

ప్రశ్న: నా దగ్గర వైఫై స్మార్ట్ ప్లగ్, బ్యాటరీతో నడిచే టెంపరేచర్ సెన్సర్ ఉన్నాయి. యాప్‌లో రూల్ రాసుకుంటే థర్మోస్టాట్ ఖర్చు తప్పుతుంది కదా?

జవాబు: తప్పుతుంది, కానీ వద్దు. చాలా యాప్‌లలో ఆ రూల్ మీ ఇంట్లో కాదు, ఎక్కడో సర్వర్‌లో నడుస్తుంది. వైఫై పోయిన క్షణంలో ప్లగ్ ఆన్‌లో ఉంటే అలాగే ఉండిపోతుంది. సెన్సర్ బ్యాటరీ అయిపోతే ఆఖరి అంకె దగ్గరే బండి ఆగుతుంది. మా ఇంట్లో ఒక స్మార్ట్ ప్లగ్ యాప్‌లో ఆఫ్ అని చూపిస్తూనే కరెంటు ఇస్తూ పోయింది. లోపల కరెంటును కలిపి, తెంచే రిలే అనే స్విచ్ అతుక్కుపోయింది. దానికి తగిలించింది ఫ్యాన్ కాబట్టి సరిపోయింది. అలాంటి రిలే థర్మోస్టాట్‌లోనూ ఉండొచ్చు, కాబట్టి ఈ పరికరాలకి మంచి పని ఇంకొకటి ఉంది. వేడిని థర్మోస్టాట్‌కి వదిలి, ఆ సెన్సర్‌ని వెచ్చని వైపు పెట్టి, 35 దాటినా 20 కిందికి దిగినా ఫోన్ మోగేలా అలర్ట్ పెట్టుకోండి.

ప్రశ్న: టెంపరేచర్ గన్‌తో బయటి నుంచి కొలిస్తే తొట్టె నేల 26 అంటోంది, లోపలి డిజిటల్ థర్మామీటర్ 31 అంటోంది. ఏది చెడిపోయింది?

జవాబు: రెండూ బాగానే ఉన్నాయి. గన్ పట్టుకునే పరారుణ కిరణాలు గాజును దాటి రాలేవు. మీరు కొలిచింది గాజు గోడ వేడిని. మూత తీసి నేరుగా నేలకు గురిపెట్టండి. గోడకు అంటించే గుండ్రటి ముల్లు మీటర్లను మాత్రం తీసెయ్యండి. అవి చూపేది ఆ గోడ దగ్గరి గాలి వేడిని, అదీ సరిగ్గా కాదు.

ప్రశ్న: కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ మీద నడపొచ్చా?

జవాబు: మ్యాట్ అయితే హాయిగా నడుస్తుంది. 16 వాట్ల మ్యాట్ ఎల్‌ఈడీ బల్బుకన్నా పెద్ద బరువేమీ కాదు. డిమ్మింగ్ థర్మోస్టాట్‌తో జాగ్రత్త. ఇన్వర్టర్ ప్యూర్ సైన్‌వేవ్ రకం (లైన్ కరెంటులాంటి నున్నటి అలల కరెంటు ఇచ్చేది) కాకపోతే అది సరిగ్గా పనిచెయ్యకపోవచ్చు. గంటా రెండు గంటల కోతకు కంగారు పడకండి, తొట్టె చుట్టూ దుప్పటి కప్పి గాలికి కాస్త సందు వదిలితే చాలు. సిరామిక్ వాడేవాళ్లు దుప్పటి కప్పే ముందు దాని ప్లగ్ పీకెయ్యాలి. కరెంటు తిరిగొచ్చేసరికి మీరు ఇంట్లో ఉండకపోవచ్చు.