జ్ఞానస్నానానికి విచారణ అంతా ఎందుకు రావాలి? మా ఇద్దరు పిల్లల అనుభవం

మీ ప్రశ్న చదవగానే మా పెద్దబ్బాయి జ్ఞానస్నానానికి (అంటే బాప్తిస్మానికి) ముందు నేను ఇంట్లో పెట్టిన గొడవ గుర్తొచ్చి నవ్వొచ్చింది. మీరు పెళ్లితో కాథలిక్ కుటుంబంలోకి వచ్చారు, పాపకి మూడు నెలలు. ఇంట్లోనే నలుగురి మధ్య క్లుప్తంగా చేయించాలని మీకుంది. మీ విచారణ (అంటే మీ ప్రాంత కాథలిక్ సంఘం) గురువులేమో ఆదివారం పూజలో అందరి ముందే చేస్తానంటున్నారు, పైగా తల్లిదండ్రులు, జ్ఞానతల్లిదండ్రులు (గాడ్‌పేరెంట్స్) క్లాసులకు రావాలంటున్నారు. "ఇది మా పాపకి, దేవుడికి మధ్య విషయం కదా, విచారణకి ఏం పని?" అని అడిగారు. చివర్లో మరో రెండు సందేహాలు: మీకు వేరే చర్చిలో అయిన బాప్తిస్మం చెల్లుతుందా, మీ అన్నయ్య జ్ఞానతండ్రిగా నిలబడొచ్చా.

నేను వేదాంతం చదువుకున్నదాన్ని కాదండి. ఇద్దరు పిల్లలకు జ్ఞానస్నానం చేయించిన తల్లిని. ఆ తర్వాత కొన్నేళ్లు మీరు విసుక్కుంటున్న ఆ క్లాసుల్లోనే సాయం చేశాను. మా ఇద్దరు పిల్లలకీ అది ఒకేలా జరగలేదు. మీ ప్రశ్నకి జవాబు నాకు రెండోవాడి విషయంలోనే తెలిసింది.

ముందు పెద్దవాడి సంగతి. అప్పట్లో నా దృష్టిలో జ్ఞానస్నానం అంటే మా ఇంటి ఫంక్షన్. తేదీ మేము అనుకున్నాం, ఎవర్ని పిలవాలో రాసుకున్నాం, ఫోటోగ్రాఫర్‌తో మాట్లాడాం, ఆ తర్వాత ఫాదర్ గారి దగ్గరికి వెళ్లి చెప్పాం. అడగలేదు, చెప్పాం. ఆయన చిరునవ్వుతో క్లాసుల తేదీలున్న కాగితం చేతిలో పెట్టారు. ఇంటికొచ్చి "పుట్టినప్పటినుంచీ గుడికి వెళ్తున్నాం, మనకి క్లాసులేంటి?" అని మా ఆయన మీద ఎగిరాను. వెళ్లాం. నిజం చెప్పాలంటే ఆ క్లాసు ఏమంత గొప్పగా లేదు. ఒకాయన నోట్సు చూసి చదివారు, మేము తలలూపాం. జన్మపాపం పోతుంది, దేవుని బిడ్డలవుతారు, పరలోక ద్వారం తెరుచుకుంటుంది. చిన్నప్పుడు సత్యోపదేశంలో (పిల్లల మతబోధనలో) బట్టీపట్టినవే. మీకూ అలాంటి క్లాసే ఎదురైతే నిరాశపడకండి, వెళ్లి ప్రశ్నలు అడగండి. అడిగేవాళ్లుంటే చెప్పేవాళ్లు కూడా నోట్సు పక్కన పెడతారు.

జ్ఞానస్నానం రోజు ఫాదర్ గారు మమ్మల్ని బలిపీఠం దగ్గరికి పిలవలేదు. ఆయనే గుమ్మం దాకా వచ్చారు. బిడ్డ పేరేంటని అడిగారు. వాడి పేరు ఆయనకి తెలుసు, వారం రోజులుగా మాట్లాడుతూనే ఉన్నాం. అయినా అందరికీ వినబడేలా మాచేతే చెప్పించారు. తర్వాత వాడి నుదుటి మీద సిలువ గుర్తు వేశారు, మమ్మల్నీ జ్ఞానతల్లిదండ్రుల్నీ వెయ్యమన్నారు. పిశాచిని త్యజిస్తున్నారా, తండ్రిని, కుమారుని, పవిత్రాత్మని విశ్వసిస్తున్నారా అని అడిగినప్పుడు వాడి బదులు మేము జవాబు చెబుతున్నాం అనుకున్నాను. కాదట. అడిగేది మా విశ్వాసం గురించే. ఆ విశ్వాసంలోనే బిడ్డకి జ్ఞానస్నానం ఇస్తారు. మేము చెప్పడం అయ్యాక ఫాదర్ గారు, ఇదే మన విశ్వాసం, ఇదే శ్రీసభ (కాథలిక్ చర్చి) విశ్వాసం అన్నట్టు ఒక మాట అంటారు. దానికి గుడంతా "ఆమెన్" అంది. ఆ శబ్దం వెనకనుంచి వచ్చి వీపుకి తగిలినట్టయింది. అయితే అప్పుడు నా ధ్యాసంతా ఫోటోగ్రాఫర్ సరైన చోట ఉన్నాడా లేడా అన్నదాని మీదే!

ఇక రెండోవాడు. ఏడో నెలలోనే పుట్టాడు. పుట్టిన రాత్రే డాక్టర్లు ఆశ తక్కువని చెప్పేశారు. నేను ఇంకా మత్తులో ఉన్నాను. మా ఆయన్ని లోపలికి రానివ్వలేదు. ఫాదర్ గారికి ఫోన్ చేస్తే ఆయన దూరంలో ఉన్నారు. "నేను వచ్చేదాకా ఆగొద్దు, లోపల ఎవరుంటే వాళ్లని ఇమ్మనండి" అన్నారట. డ్యూటీలో ఉన్న నర్సు క్రైస్తవురాలు కాదు. మా ఆయన చీటీ మీద రాసిచ్చారు: బిడ్డ పేరు, దాని కింద "పిత, పుత్ర, పవిత్రాత్మ నామమున నేను నీకు జ్ఞానస్నానం ఇస్తున్నాను." ఆ మాటలు చదువుతూ తల మీద మూడుసార్లు నీళ్లు పొయ్యాలని చెప్పారు. ఆవిడ ఒకే ఒక్క మాట అడిగారట, "నేను పోస్తే చెల్లుతుందా?" అని.

చెల్లుతుంది. మామూలుగా జ్ఞానస్నానం ఇచ్చేది పీఠాధిపతి (బిషప్), గురువు లేదా గురువు కింది మెట్టులో ఉండే డీకన్. ప్రాణాపాయం లాంటి అవసరం వస్తే సరైన ఉద్దేశంతో ఎవరైనా ఇవ్వొచ్చని శ్రీసభ చట్టమైన 1983 నాటి కానన్ చట్టంలోనే ఉంది. ఇచ్చేవాళ్లకి జ్ఞానస్నానం అయి ఉండాల్సిన పని కూడా లేదు. శ్రీసభ ఈ సంస్కారం ద్వారా ఏం చేయాలనుకుంటుందో అది చేయాలనే ఉద్దేశం, నీళ్లు, ఆ మాటలు ఉంటే చాలు. మాటల విషయంలో మాత్రం శ్రీసభ చాలా గట్టిగా ఉంటుంది. "నేను ఇస్తున్నాను" బదులు "మేము ఇస్తున్నాము" అంటే ఆ జ్ఞానస్నానం చెల్లదని 2020లో వాటికన్ స్పష్టంగా చెప్పింది. వినడానికి పట్టింపులా ఉంటుంది. కానీ అక్కడ ఇస్తున్నది క్రీస్తే, ఇచ్చే మనిషి ఆయన చెయ్యి మాత్రమే అని నమ్మితే, ఆ "నేను" ఎవరిదో అర్థమవుతుంది. ఆ నర్సు నోటినుంచి వచ్చిన "నేను" కూడా ఆయనదే.

పిల్లాడు బతికాడు. దాదాపు రెండు నెలల తర్వాత ఇంటికొచ్చాడు. ఇక గుడిలో ఘనంగా జ్ఞానస్నానం చేయిద్దామని ఫాదర్ గారి దగ్గరికి వెళ్లాం. ఆయన అడిగినవి చూస్తే పోలీసు విచారణలా అనిపించింది. నీళ్లు తల మీద పారాయా, తడి చేత్తో తుడిచారా? మాటలు చీటీలో ఉన్నట్టే అన్నారా? అదే మనిషి నీళ్లు పోస్తూ ఆ మాటలు అన్నారా? అన్నీ విని, "అయితే వీడికి జ్ఞానస్నానం అయిపోయింది, నేను మళ్లీ పొయ్యను" అన్నారు. నాకు ఏడుపొచ్చేసింది. నేను చూడనే లేదు కదా, ఒక్కసారి పోస్తే ఏం పోతుంది అన్నాను. జ్ఞానస్నానం ఆత్మ మీద వేసే చెరగని ముద్ర, అందుకే రెండోసారి ఉండదు అన్నారు. "నేను మళ్లీ పోస్తే ఆ రాత్రి జరిగింది ఉత్తదే అన్నట్టవుతుంది. అలా అనమంటారా?" అని అడిగారు. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు.

కానీ ఆయన మమ్మల్ని అలా పంపెయ్యలేదు. ఇలా అత్యవసరంగా జ్ఞానస్నానం అయిన బిడ్డని దేవాలయానికి తీసుకురావడానికి ప్రత్యేకంగా ఒక క్రమం ఉంది. ఒక ఆదివారం పూజలో అది చేశారు. మళ్లీ అదే గుమ్మం. మళ్లీ పేరు అడిగారు. ఆ తర్వాతి ప్రశ్న మాత్రం మారింది. పెద్దవాడప్పుడు, శ్రీసభ నుంచి ఏం కోరుతున్నారంటే "జ్ఞానస్నానం" అని చెప్పాం. ఇప్పుడు, బిడ్డకి జ్ఞానస్నానం అయిపోయింది కదా, ఇంకేం కోరుతున్నారని అడుగుతారు. దానికి క్రమంలో ఉన్న జవాబు ఏంటో తెలుసా? వీడు శ్రీసభలో చేరాడని ఈ సంఘమంతటికీ తెలియాలని కోరుతున్నాం.

మీ ప్రశ్నకి నా జవాబు అదేనండి. నీళ్లు ఆసుపత్రిలోనే అయిపోయాయి. రక్షణకి కావాల్సింది ఆ రాత్రే అందింది, అందులో ఏ లోటూ లేదు. అయినా ఇంకో పని మిగిలే ఉంది. వాడు ఎవరివాడో ఆ సంఘానికి తెలియాలి. ఆ రోజు వాడి నడినెత్తిన క్రిస్మా తైలం రాశారు. అది పీఠాధిపతి పవిత్ర వారంలో (ఈస్టర్‌కి ముందు వారం) ఆశీర్వదించి తన మేత్రాసనంలోని, అంటే తన పరిధిలోని, అన్ని విచారణలకూ పంపే తైలం. రేపు భద్రమైన అభ్యంగనంలో (విశ్వాసాన్ని స్థిరపరిచే సంస్కారంలో) వాడి నుదుటికి రాసేదీ, గురుపట్టాభిషేకంలో గురువుల చేతులకు రాసేదీ అదే. తెల్లబట్ట వేశారు. పాస్కా (ఈస్టర్) కొవ్వొత్తి నుంచి వాడి కొవ్వొత్తి వెలిగించారు. పూజయ్యాక నాకు పేరైనా తెలియని ఒక పెద్దావిడ వచ్చి, "ఆ రాత్రి నుంచీ వీడి కోసం జపమాల చెబుతూనే ఉన్నానమ్మా, ఇవాళ చూస్తున్నా" అన్నారు. దేవుడికీ మా బిడ్డకీ మధ్య విషయం అని నేననుకున్నదాని మధ్యలో ఈవిడ రెండు నెలలుగా కూర్చునే ఉన్నారన్నమాట.

పసిబిడ్డకి ఏం తెలుస్తుందని, పెద్దయ్యాక తనే తీసుకోవచ్చు కదా అని మీవాళ్లు అంటున్నారని రాశారు. న్యాయమైన ప్రశ్నే. పెద్దవాళ్లకైతే కాథలిక్కులు కూడా నెలల తరబడి సిద్ధం చేసి, మామూలుగా పాస్కా జాగరణ రాత్రి ఇస్తారు. అడిగి, తెలిసి తీసుకునేదే అది. పసివాళ్ల విషయంలో నాకు గుర్తొచ్చేది మార్కు సువార్త 2వ అధ్యాయంలోని పక్షవాత రోగి. నలుగురు మోసుకొచ్చి ఇంటి కప్పు విప్పి దించారు. అతని విశ్వాసం సంగతి అక్కడ రాయలేదు. యేసు "వారి విశ్వాసాన్ని చూసి" అతనితో మాట్లాడాడని ఉంది. మీ పాపని మోసేవాళ్లు ఎవరన్నదే ఇక్కడ విషయం. బిడ్డని కాథలిక్ విశ్వాసంలో పెంచుతారన్న ఆశకి ఆధారం ఉండాలని, అసలు లేకపోతే వాయిదా వెయ్యమని చట్టం చెప్పేది అందుకే. మోసే చేతులు ఉన్నాయో లేవో చూడటానికే ఆ క్లాసులు. వాటిని పరీక్ష అనుకుని టెన్షన్ పడొద్దు.

ఇక ఇంట్లో చేయించడం గురించి. ప్రాణాపాయం ఉంటే తప్ప ఇళ్లలో ఇవ్వరు, గట్టి కారణం ఉంటే పీఠాధిపతి అనుమతి కావాలి. మామూలుగా తల్లిదండ్రుల విచారణ దేవాలయంలోనే. జనం ఎక్కువైతే పాప భయపడుతుందన్నది మీ అసలు బాధైతే అది ఫాదర్ గారికి చెప్పండి. కొన్నిచోట్ల పూజ అయ్యాక విడిగా దేవాలయంలోనే ఇస్తారు. నన్నడిగితే మాత్రం పూజలోనే మంచిది. ఏడిస్తే ఏడవనివ్వండి, మా పెద్దవాడు గుడి ఎగిరిపోయేలా ఏడ్చాడు.

మీ బాప్తిస్మం సంగతి: నీళ్లతో, తండ్రి కుమార పరిశుద్ధాత్మ నామమున ఇచ్చి ఉంటే శ్రీసభ దాన్ని గుర్తిస్తుంది. మీరు కాథలిక్ సంఘంలో చేరాలనుకుంటే చేర్చుకునే క్రమం వేరే ఉంది, నీళ్లు మాత్రం మళ్లీ పొయ్యరు. యేసు నామమున మాత్రమే ఇచ్చే సంఘాలూ కొన్ని ఉన్నాయి, అలా ఇస్తే గుర్తించరు. అందుకే మీ చర్చి నుంచి సర్టిఫికెట్ తెచ్చి చూపించండి.

మీ అన్నయ్య కాథలిక్ కాదు కాబట్టి జ్ఞానతండ్రి కాలేరు. కానీ ఆయనకీ బాప్తిస్మం అయింది కాబట్టి, ఒక కాథలిక్ జ్ఞానతల్లి గానీ తండ్రి గానీ ఉంటే, వారి పక్కన సాక్షిగా నిలబడొచ్చు. జ్ఞానతల్లిదండ్రులు ఇద్దరూ ఉండాలన్న నియమం లేదు, ఒక్కరున్నా చాలు. వాళ్లకి మామూలుగా 16 ఏళ్లు నిండి ఉండాలి, దివ్యసత్ప్రసాదం (పూజలో ఇచ్చే అప్పం), భద్రమైన అభ్యంగనం తీసుకుని ఉండాలి, పాపకి సొంత తల్లో తండ్రో అయి ఉండకూడదు. డబ్బున్న బంధువనో, పెద్ద ఉద్యోగమనో ఎంచుకోకండి. మేము పెద్దవాడికి అలాగే ఎంచాం, ఆయన ఆ తర్వాత వాణ్ని చూసింది రెండుసార్లే. రెండోవాడికి జపమాల చెప్పిన ఆ పెద్దావిడని ముందే తెలిసుంటే అడిగేవాళ్లం.

చివరిగా ఒక పని చెబుతాను, మర్చిపోకండి. జ్ఞానస్నానం అయ్యాక విచారణ రిజిస్టరులో పాప పేరు, పుట్టిన తేదీ, తల్లిదండ్రులు, జ్ఞానతల్లిదండ్రులు, ఇచ్చినవారి పేరు రాస్తారు. రేపు అభ్యంగనమైనా, పెళ్లైనా, ఆ వివరం తిరిగి ఆ పేరు పక్కనే నమోదవుతుంది. అందుకే పెళ్లప్పుడు కొత్తగా తీసిన జ్ఞానస్నాన పత్రం అడుగుతారు. నా పెళ్లికి తీసిన పత్రంలో మా నాన్న పేరు తప్పు పడి, దాన్ని సరిచేయించడానికి మూడుసార్లు తిరిగాను. మా రెండోవాడి వరుసలో "ఇచ్చినవారు" అన్న గడిలో ఆ నర్సు పేరుంది. ఆవిడ ఇంటిపేరు సరిగ్గా తెలుసుకోవడానికి మా ఆయన మళ్లీ ఆసుపత్రికి వెళ్లొచ్చారు. మీరు మాత్రం ఆ రోజు హడావిడిలో ఉన్నా సరే, రిజిస్టరు అడిగి, ప్రతి పేరూ అక్షరం అక్షరం చదివాకే గుడి బయటికి రండి.