ఐదేళ్ల ఇన్సూరెన్స్ ఉంది కదా అనుకుంటే...

ప్రశ్న: హనుమకొండలో మెడికల్ షాపులో పనిచేస్తాను. 2023 అక్టోబరులో బైక్ కొన్నాను. ఎక్స్-షోరూమ్ ధర రూ.95 వేలు. రూ.90 వేలు లోను, 36 నెలలు, ఈఎంఐ రూ.3,254. ఇంకా 14 వాయిదాలు ఉండగా షాపు ముందు పెట్టిన బండి పోయింది. ఎఫ్‌ఐఆర్ అయింది. ఐదేళ్ల ఇన్సూరెన్స్ ఉన్నా క్లెయిమ్ రాదంటున్నారు. ఇప్పుడు రెన్యువల్ చేస్తే వస్తుందా? బండే లేనప్పుడు ఈఎంఐ ఆపేయొచ్చా? లోన్ యాప్‌లో రూ.50 వేలు తీసుకుని సెకండ్ హ్యాండ్ బండి కొందామనుకుంటున్నా.

జవాబు: క్లెయిమ్ రాదన్న మాట నిజమే. మీలాగే మోసపోయేవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టే ఈ ఉత్తరం తీసుకున్నాను. 2018 సెప్టెంబరు నుంచి కొత్త ద్విచక్ర వాహనాలకు ఐదేళ్ల థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ (మన బండి వల్ల ఇతరులకు జరిగే నష్టానికి) తప్పనిసరి. షోరూమ్‌లో ‘ఐదేళ్లకూ కట్టేశాం సార్’ అంటారు, మనం ఫైలు బీరువాలో పెట్టేస్తాం. కానీ దొంగతనానికి డబ్బిచ్చేది ఓన్ డ్యామేజ్ (మన బండికే జరిగే నష్టానికి) భాగం. పాలసీ కాగితం తీసి చూడండి, రెండింటి గడువులూ విడివిడిగా ఉంటాయి. మీ ఓన్ డ్యామేజ్ 2024 అక్టోబరుతోనే సరి. 2028 దాకా ఉన్నది మీ బండి ఎవరినైనా గుద్దితే వాళ్లకిచ్చే పరిహారం.

ఓన్ డ్యామేజ్ భాగాన్ని ఒక్కదాన్నే విడిగా రెన్యువల్ చేసుకునే వీలు 2019 నుంచీ ఉంది. ఈ ధర బండికి సాధారణంగా వెయ్యి, పదిహేను వందల దగ్గర అవుతుంది. అది కట్టి ఉంటే ఏమయ్యేదో చూడండి. 20 శాతం తరుగు తీసేస్తే ఐడీవీ (బండి పోతే కంపెనీ లెక్కగట్టే విలువ) రూ.76 వేలు. మీ లోనులో అసలు సుమారు రూ.41 వేలు మిగిలింది. ఫైనాన్స్ కంపెనీ తన బాకీ పట్టుకున్నాక కూడా రూ.35 వేల దాకా మీ చేతికి వచ్చేది. ఒక్క నెల ఈఎంఐలో సగం కూడా కాని ప్రీమియం దగ్గర పోయిన డబ్బిది. జీరో డెప్ (తరుగు కోయకుండా ఇచ్చేది) లాంటి యాడ్-ఆన్ల సంగతి తర్వాత, ముందు ఇది ఉండాలి.

ఇప్పుడు రెన్యువల్ చేసి లాభం లేదు. పాత తేదీ వేయిస్తానని ఏ ఏజెంటైనా అంటే నమ్మకండి, అది మోసం, ఇరుక్కునేది మీరు. ఈఎంఐ కూడా ఆపొద్దు. బండి పోయినా బాకీ పోదు, ఆపితే సిబిల్ స్కోరు దెబ్బతింటుంది, హామీ సంతకం పెట్టినవాళ్ల మీద పడతారు. ఎఫ్‌ఐఆర్ కాపీ ఫైనాన్స్ కంపెనీకీ, ఆర్టీవోకీ ఇచ్చి రసీదు తీసుకోండి. దొంగ తిప్పే బండి చలాన్లు మీ పేరు మీదే వస్తాయి.

ఇక లోన్ యాప్. లేని బండికి ఒక వాయిదా, ఉన్న బండికి ఇంకో వాయిదా, పైగా ప్రాసెసింగ్ ఫీజు, రోజుకింతని పెనాల్టీ. దయచేసి ఆ యాప్ ఫోన్లోంచి తీసేయండి. ఈ 14 నెలలూ బస్సో, షేర్ ఆటోనో చూసుకోండి. తప్పదనుకుంటే ఇంట్లో బంగారం మీద బ్యాంకులో తక్కువ మొత్తం తీసుకోండి. అత్యవసర నిధి మూడు నెలల ఖర్చుకైనా ఉంటే ఈ ప్రశ్నే వచ్చేది కాదు.

పాత బండి ఎప్పుడు కొన్నా ఆర్సీతో పాటు ఇన్సూరెన్స్ కూడా మీ పేరుకు మార్చమని 14 రోజుల్లోపు కంపెనీకి అర్జీ పెట్టండి. పాలసీ పాత ఓనరు పేరునే ఉంటే దొంగతనం క్లెయిమ్ మీకు రాదు. డిస్క్ లాక్ వేయండి, వీలైతే జీపీఎస్ పెట్టించండి. రెండో తాళంచెవి ఇంట్లోనే ఉంచండి, క్లెయిమ్‌లో రెండూ అడుగుతారు.