28 రోజులు ఆ డబ్బు జోలికి పోకు

చిట్టితల్లికి పెదనాన్న ఆశీస్సులు.

బ్రిటన్ వీసాకి తీసే లాటరీలో, అదే బ్యాలెట్‌లో, నీ పేరు వచ్చిందని మీ నాన్న ఫోన్ చేస్తే మీ పెద్దమ్మ ముందు దేవుడి దగ్గర దీపం పెట్టి, ఆ తర్వాతే నాకు కాఫీ ఇచ్చింది. ఏడాదికి 3,000 మందికి మించి ఇవ్వని యంగ్ ప్రొఫెషనల్స్ వీసా మరి. స్పాన్సర్ చేసే కంపెనీ లేకపోయినా రెండేళ్ళు బ్రిటన్‌లో ఉండి ఉద్యోగం చేసుకోవచ్చు. అంతా బాగానే ఉంది కానీ, మీ నాన్న చివర్లో ఇంకో మాట అన్నాడు: "డబ్బుదేముందన్నయ్యా, అప్లై చేసే ముందు రోజు దాని అకౌంట్లో వేసేస్తా." ఆ మాట విన్నాకే ఈ ఉత్తరం మొదలుపెట్టాను. బ్యాంకులో 34 ఏళ్ళు చేసినవాణ్ణి, ఈ ఒక్క విషయంలో మీ నాన్న మాట కాదు, నా మాట విను.

వీసా వాళ్ళు అకౌంట్లో చూపించమనేది 2,530 పౌండ్లు. పౌండు 115 రూపాయలనుకుంటే 2,90,950 అవుతుంది. అది నీ పేరు మీద ఉండాలి, నాన్న అకౌంట్ చూపిస్తే కుదరదు. పైగా వరసగా 28 రోజుల పాటు, ఏ రోజు చూసినా అంతకు తగ్గకూడదు. ఆ 28వ రోజుకీ నువ్వు అప్లై చేసే తేదీకీ మధ్య 31 రోజులకు మించి ఉండకూడదు. సగటు బ్యాలెన్సులు, నెలాఖరు బ్యాలెన్సులు మా బ్యాంకుల్లో చూసే లెక్కలు, అక్కడ చెల్లవు. మధ్యలో ఒక్కరోజు తగ్గిందా, మళ్ళీ ఒకటో రోజు నుంచి లెక్క.

మీ అన్నయ్యకు వీసా ఎందుకు రాలేదో ఇంట్లో ఎవరికీ సరిగ్గా చెప్పలేదు. అప్పట్లో పౌండు 102 రూపాయలు, కావలసింది 2,58,060. వాడు లెక్క చూసుకుని 2,62,000 ఉంచాడు. 19వ రోజున నగల కొట్టు స్కీము తాలూకు 5,000 ఆటో డెబిట్ అయిపోయింది. మర్నాడే జీతం పడింది, బ్యాలెన్సు మళ్ళీ పైకొచ్చింది కాబట్టి వాడు పట్టించుకోలేదు. స్టేట్‌మెంట్ చూసిన ఆఫీసరు పట్టించుకున్నాడు. వెయ్యి రూపాయల చిల్లర తగ్గినందుకు వీసా పోయింది. అక్కడి వైద్యం కోసం ముందే కట్టించుకునే హెల్త్ సర్‌చార్జి తిరిగొచ్చింది కానీ అప్లికేషన్ ఫీజు రాలేదు, ఆ తర్వాత వేసిన బ్యాలెట్లలో వాడి పేరూ రాలేదు. బ్యాంకు మేనేజరు కొడుకై ఉండి ఇదేంట్రా అని నేనన్న మాటకి వాడు నెల్లాళ్ళు నాతో మాట్లాడలేదు. ఆ స్టేట్‌మెంట్ ముందే నేను చూసి ఉండాల్సింది.

అందుకని ఏం చేస్తావంటే, ఈ డబ్బు కోసమే విడిగా ఒక సేవింగ్స్ అకౌంట్ పెట్టుకో. దానికి యూపీఐ కలపకు, మ్యూచువల్ ఫండ్ సిప్పులూ ఈఎంఐలూ తగిలించకు, డెబిట్ కార్డు అమ్మకిచ్చేయ్. మూడు లక్షల పాతిక వేలు వేసి ఉంచు. అప్లై చేసే రోజు ఒవాండా సైటులో ఉన్న మారకం రేటు ప్రకారం లెక్కగడతారు, రూపాయి ఎప్పుడు పడుతుందో మన చేతుల్లో లేదు కదా.

ఫీజులు మాత్రం ఇందులోంచి కట్టకు. అప్లికేషన్‌కి 2025 ఫీజు ప్రకారం 319 పౌండ్లు, రెండేళ్ళ హెల్త్ సర్‌చార్జి 1,552. ఇవి రెండూ కలిపి రెండు లక్షల పదిహేను వేలు దాటతాయి. అంటే మొత్తం మీద ఐదున్నర లక్షల దాకా చూసుకోవాలి. మీ నాన్న మూడు లక్షలే లెక్కేసుకున్నాడని నా అనుమానం.

మన తెలుగువాళ్ళకి ఇంకో తంటా ఇంటిపేరు. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, బ్యాంకులో ఒక్క అక్షరంతో సరిపెడతారు. కౌంటర్లో ఎన్నిసార్లు చూశానో. అకౌంట్ తెరిచేటప్పుడే పాస్‌పోర్టు ముందు పెట్టి, అందులో ఎలా ఉంటే అలాగే రాయించు. చివర్లో స్టేట్‌మెంట్ కూడా బ్యాంకు పేరు, లోగో, నీ పేరు, అకౌంట్ నంబరు, తేదీలు, రోజువారీ బ్యాలెన్సు కనిపించేలా తీసుకో. ఫోన్ స్క్రీన్‌షాట్ పెడదామనుకోకు.

షేర్లు, మ్యూచువల్ ఫండ్లు, బంగారం చూపిస్తే లెక్కలోకి రావు. ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంటే ఇప్పుడే తీసేసి సేవింగ్స్‌లో వేసుకో, వడ్డీ కొంచెం పోతే పోయింది. నెల రోజులకు ఇంత వడ్డీ తీసుకుని అకౌంట్లో డబ్బు చూపిస్తామనే బ్రోకర్లు హైదరాబాద్‌లో దొరుకుతారు, స్టేట్‌మెంట్లే తయారుచేసి ఇచ్చేవాళ్ళూ ఉంటారు. వాళ్ళ గుమ్మం తొక్కకు. దొంగ కాగితమని తేలితే 10 ఏళ్ళ దాకా ఆ దేశం గడప తొక్కనివ్వరు.

మీ నాన్న కోల్డ్ స్టోరేజీలో ఉన్న మిర్చి అమ్మి ఇస్తానంటున్నాడు. మంచిదే, కానీ నగదు తెచ్చి కట్టొద్దను. తన అకౌంట్ నుంచి నీ అకౌంట్‌కి పంపమను, యార్డులో ఇచ్చిన బిల్లు దాచమను. ఎక్కణ్ణుంచి వచ్చిందని అడిగితే చూపించడానికి ఉంటుంది.

వీసాకి చేయించుకోవాల్సిన టీబీ పరీక్ష సంగతి నీకు తెలిసే ఉంటుంది, దానికి నా సలహా అక్కర్లేదు. వీసాకి అప్లై చేయమని వచ్చిన ఆహ్వానం మెయిల్లో గడువు తేదీ ఉంటుంది చూడు. అక్కణ్ణుంచి వెనక్కి రోజులు లెక్కపెట్టి, మిర్చి ఎప్పటిలోగా అమ్మాలో నాకు చెప్పు. రేటు పెరుగుతుందని వాడు ఆగుతానంటాడు, నేను మాట్లాడతాను.

ఇంతే సంగతులు.
పెదనాన్న