కనెక్షన్ తెగినా తెగని సెషన్

ప్రశ్న: దూరంగా ఉన్న సర్వర్‌లో టీమక్స్ (కనెక్షన్ తెగినా టెర్మినల్ సెషన్‌ను నడుపుతూ ఉంచే ప్రోగ్రామ్) వాడుతున్నాను. సెషన్‌ను నడుస్తుండగానే వదిలి (డిటాచ్ చేసి), మర్నాడు మళ్ళీ ఎస్‌ఎస్‌హెచ్ అనే సురక్షిత కనెక్షన్‌తో లాగిన్ అయి దానికి తిరిగి కలిస్తే (అటాచ్ చేస్తే) అన్నీ యథాతథంగానే ఉంటాయి. కోడ్ మార్పులను రిపాజిటరీకి పంపే గిట్ పుష్ ఆదేశం మాత్రం పబ్లిక్ కీ చెల్లదంటూ ఆగిపోతోంది. కొత్త విండో తెరిస్తే అదే ఆదేశం పనిచేస్తోంది. టీమక్స్ కాన్ఫిగ్ (అమరికల) ఫైలులో ఏం మార్చినా ఫలితం కనబడడం లేదు. కారణమేమిటి?

జవాబు: ఇదే ఫిర్యాదు రకరకాల మాటల్లో తరచుగా వస్తూనే ఉంది. కొత్త విండోలో పనిచేస్తోందన్న సంగతి మీరు రాయడం మంచిదైంది. ‘పనిచేయడం లేదు’ అన్న ఒక్క ముక్కతో లేఖ ముగించేవారికి జవాబు చెప్పడం సాధ్యం కాదు.

మీ రహస్య కీ ఉన్నది సర్వర్‌లో కాదు, మీ సొంత కంప్యూటర్‌లో నడిచే ఏజెంట్ (కీలను ఉంచుకుని, వాటితో సంతకం చేసే ప్రోగ్రామ్) దగ్గర. ఆ ఏజెంట్‌ను సర్వర్ నుంచి కూడా వాడుకోనిచ్చే ఫార్వర్డింగ్‌తో లాగిన్ అయిన ప్రతిసారీ సర్వర్‌లో ఏజెంట్‌ను చేరే ద్వారంగా కొత్త సాకెట్ ఒకటి ఏర్పడుతుంది, దాని చిరునామా ఎస్‌ఎస్‌హెచ్_ఆథ్_సాక్ అనే వేరియబుల్‌లో చేరుతుంది. లాగౌట్‌తో ఆ సాకెట్ పోతుంది. మళ్ళీ అటాచ్ చేసినప్పుడు టీమక్స్ కొత్త చిరునామాను సెషన్‌లో నమోదు చేసుకుంటుంది కనుక ఆపైన తెరిచిన విండోలకు అది అందుతుంది. నిన్నటి నుంచి నడుస్తున్న షెల్ (మీ ఆదేశాలను అందుకునే ప్రోగ్రామ్) మాత్రం పాత చిరునామానే పట్టుకుని ఉంటుంది. ఆ పాత పేన్‌లో (విండోలోని భాగంలో) టీమక్స్ షో-ఎన్విరాన్‌మెంట్ ఆదేశాన్ని చిన్న ఎస్ ఆప్షన్‌తో, ఆ వేరియబుల్ పేరుతో ఇచ్చి, వచ్చిన ఫలితాన్ని, దాన్నే ఆదేశంగా నడిపే ఎవాల్‌కు అందిస్తే సరిపోతుంది.

అయితే అసలు ఆ సర్వర్‌కు మీ ఏజెంట్‌ను ఫార్వర్డ్ చేయవలసిన అవసరం ఉందా? మీరు కనెక్ట్ అయి ఉన్నంతసేపూ అక్కడి రూట్ యూజరు (సర్వాధికారాలున్న ఖాతా), లేదా ఆ స్థాయికి చేరుకున్న చొరబాటుదారు, మీ కీని కాపీ చేసుకోలేకపోయినా, దాని సంతకంతో మీ పేరున ఇతర యంత్రాల్లోకి వెళ్ళగలరు. గిట్ కోసమే అయితే ఆ ఒక్క రిపాజిటరీకి పరిమితమైన డిప్లాయ్ కీని సర్వర్‌లో పెట్టుకోండి. ఒక సర్వర్ మీదుగా మరో సర్వర్‌కు వెళ్ళడానికైతే ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌లో 2016 నుంచి, ఏజెంట్‌ను ఫార్వర్డ్ చేయకుండానే ఆ పని చేసే ప్రాక్సీజంప్ ఆప్షన్ ఉంది. ఫార్వర్డింగ్ తప్పనిసరైతే, కీ వాడబోయే ప్రతిసారీ మిమ్మల్ని అడిగేలా ఎస్‌ఎస్‌హెచ్-యాడ్‌కు చిన్న సి ఆప్షన్ ఇచ్చి కీని చేర్చండి.

ఇంతకన్నా నన్ను కలవరపెట్టే అలవాటు మరొకటి ఉంది. ఏదో ఒక పేన్‌లో సుడోతో (రూట్ అధికారంతో ఆదేశాలు నడిపే సాధనంతో) రూట్ షెల్ తెరిచి, పని అయ్యాక ఎగ్జిట్ చేయకుండా డిటాచ్ చేసి వెళ్ళిపోయేవారు చాలామందే ఉన్నారు. ల్యాప్‌టాప్ మూసినా, కనెక్షన్ తెగినా ఆ షెల్ సర్వర్‌లో తెరుచుకునే ఉంటుంది. మీ మామూలు ఖాతా ఎవరి చేతికి చిక్కినా, వారు సుడో పాస్‌వర్డ్ తెలియకుండానే ఆ సెషన్‌కు అటాచ్ కావచ్చు; అటాచ్ కూడా కాకుండా టీమక్స్ సెండ్-కీస్ ఆదేశంతో ఆ పేన్‌లో ఆదేశాలు టైపు చేయవచ్చు. వీధి తలుపుకు తాళం వేసి పెరటి తలుపు బార్లా తెరిచిపెట్టడమే ఇది. రూట్ షెల్ బ్యాష్ (సాధారణంగా వాడే ఒక షెల్) అయితే దానికి టీఎంఅవుట్ అనే వేరియబుల్ విలువ 600 (సెకన్లు) అని పెట్టండి. ప్రాంప్ట్ దగ్గర 10 నిమిషాలు ఏమీ టైపు చేయకపోతే అదే ముగిసిపోతుంది. టీమక్స్‌లోని లాక్ సదుపాయాన్ని నమ్ముకుని దీన్ని వదిలేయకండి, ఆ తాళం మీ ఎదుట ఉన్న తెరకు వేసేదే.

సహోద్యోగితో సెషన్ పంచుకోవడానికి టీమక్స్ సాకెట్‌కు 777 అనుమతులు (అందరికీ అన్ని హక్కులు) ఇమ్మనే సలహా కూడా ఇంకా చలామణిలో ఉంది. సెషన్‌లోకి రానివ్వడమంటే మీ పేరున టైపు చేసే అధికారం ఇచ్చేయడమే. 2022లో వచ్చిన టీమక్స్ 3.3 వెర్షన్ నుంచి సర్వర్-యాక్సెస్ ఆదేశంతో ఎవరిని రానివ్వాలో పేరుపేరునా చెప్పవచ్చు, చూడడానికి మాత్రమే అనుమతించవచ్చు కూడా.

ఇక కాన్ఫిగ్ సంగతి. టీమక్స్ ఆ ఫైలును తన సర్వర్ (ఆ యంత్రం కాదు, సెషన్లన్నిటినీ నేపథ్యంలో నడిపే టీమక్స్ ప్రోగ్రామ్) మొదలైనప్పుడు ఒక్కసారే తనంతట తాను చదువుతుంది. టెర్మినల్ మూసి తెరిచినంత మాత్రాన ఆ సర్వర్ మళ్ళీ మొదలు కాదు కనుక మీ మార్పులు దాని దృష్టికే రాలేదు. సోర్స్-ఫైల్ ఆదేశంతో చదివించవచ్చు గానీ, మీరు ఫైలులోంచి తొలగించిన వరుసల ప్రభావం మాత్రం తొలగదు. నిన్న కేటాయించిన కీ బైండింగ్ (కీబోర్డు మీటకు ముడిపెట్టిన ఆదేశం) ఈరోజూ పనిచేస్తూనే ఉంటుంది, దాని గురించి ప్రోగ్రామ్ ఒక్క మాటైనా చెప్పదు. దీన్ని నిర్లక్ష్యపు రూపకల్పన అనడానికి నాకు సంకోచమేమీ లేదు. ఎవరివో వందల వరుసల కాన్ఫిగ్ తెచ్చి, అందులో ఏముందో చదవకుండా అతికించుకునేవారి నిర్లక్ష్యం మాత్రం ఇంతకన్నా పెద్దది, ఎందుకంటే ఆ ఫైలు రన్-షెల్ అనే ఆదేశం ద్వారా మీ ఖాతాలో ఏ ప్రోగ్రామునైనా నడపగలదు.

కొత్త కాన్ఫిగ్‌ను పెద్ద ఎల్ ఆప్షన్‌తో వేరే పేరుగల సర్వర్ మొదలుపెట్టి అందులో పరీక్షించండి. కిల్-సర్వర్ ఆదేశం అన్ని సెషన్లనూ, వాటిలో నడుస్తున్న పనులనూ ఒక్కసారిగా ముగిస్తుంది కనుక, మధ్యలో ఆగకూడని పని ఏదీ లేదని చూసుకున్నాకే దాన్ని వాడండి.