హబీబా, మహబూబ్: ఈ రెండు పేర్లకూ ఏమైనా సంబంధం ఉందా?

ఉంది, రెండూ ఒకే ఇంటివి. అరబ్బీలో చాలా పేర్లు మూడు హల్లుల నుంచి పుడతాయి, అచ్చులు మార్చి అవసరమైతే ముందొక అక్షరం తగిలిస్తే ఇంకో పేరు వచ్చేస్తుంది. హ-బ-బ అంటే ప్రేమ, అందులోంచే పాపకు హబీబా, బాబుకు హబీబ్ లేదా మహబూబ్, అన్నిటికీ అర్థం ప్రియమైనవాళ్లనే. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ పేరు మీదే మన మహబూబ్‌నగర్. హ-మ-ద అంటే పొగడ్త: అహ్మద్, హమీద్, మహమూద్.

అలాగని పాతబస్తీలో వినపడే ప్రతి పేరూ అరబ్బీ కాదు. పర్వీన్, ఫిరోజ్, షిరీన్ పారశీకం నుంచి వచ్చినవి, ఆన్‌లైన్ లిస్టులేమో అన్నీ కలగాపులగం చేసేస్తాయి. పేరు ఖాయం చేసేముందు ఉర్దూ చదవడం వచ్చినవాళ్లకు చూపించండి, మనం ఒకేలా రాసే ‘హ’కు అక్కడ రెండు వేర్వేరు అక్షరాలున్నాయి, అది మారితే అర్థమే మారిపోవచ్చు.